మూడు వార్డుల తండా

దసరా పోయి చలి మొదలవుతున్న రోజుల్లో మున్సిపాలిటీ ఆఫీసు గోడకు కొత్త వార్డుల కాగితాలు అంటించారు. మా అత్త చంద్రికి చదువు రాదు. అందుకని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఐదేళ్లు ఆ ఆఫీసులో కౌన్సిలర్ కుర్చీలో కూర్చున్న మనిషి, ఆ రోజు మగవాళ్ల గుంపు వెనక మునివేళ్ల మీద నిలబడి గోడవైపు చూసింది. కౌన్సిలర్ల గడువు తీరిపోయి అప్పటికే చాలా నెలలైంది. ఎవరూ పక్కకు జరిగి దారి ఇవ్వలేదు.

"మన తండా ఏ నెంబరుల ఉన్నదో సూడు లతా," అంది.

గుంపులోంచి దూరి వెళ్లి వెతికాను. తొమ్మిదో వార్డులో 'మద్దికుంట తండా, సిమెంటు రోడ్డుకు ఉత్తరం వైపు ఇళ్లు' అని ఉంది. దాని కింద స్టేషను వెనక బస్తీ, పాత సినిమా హాలు వీధి. ఎప్పటిలాగే తొమ్మిదిలో ఉన్నాం అని చెప్పబోయి ఆగాను. పదకొండో వార్డులో మళ్లీ మా తండా పేరే కనిపించింది, 'సిమెంటు రోడ్డుకు దక్షిణం వైపు ఇళ్లు' అని. పన్నెండులో మూడోసారి వచ్చింది. 'మద్దికుంట తండా, కుంట చుట్టూ ఉన్న ఇళ్లు, భూములు.'

"చెప్పవేంది?"

"మూడు తాన్ల ఉన్నదత్తా."

"ఒక్క తండా మూడు తాన్ల ఎట్లుంటది? సరిగ్గ సూడు."

మళ్లీ చదివాను. మా అత్తామామలు ఉండే ఇల్లు రోడ్డుకు దక్షిణం. ఎదురుగా నేనూ, నా భర్త ప్రేమ్‌సింగ్, మా పాప నవ్య ఉండే ఇల్లు ఉత్తరం. కూర గిన్నె పట్టుకుని నేను గడప దాటితే పొగ తగ్గకముందే ఆమె వంటింట్లో ఉంటాను. ఇప్పుడు ఆమెది పదకొండు, నాది తొమ్మిది.

మా తండాను టౌనులో కలిపి అప్పటికి ఏడెనిమిదేళ్లు. కలిపిన మరుసటి వేసవిలోనే ఉపాధి హామీ పని ఆగిపోయింది. టౌనులో ఉన్నవాళ్లకు ఆ పని ఉండదన్నారు. ఇంటి పన్ను మాత్రం వచ్చింది. మొదటి ఎన్నికల్లో మా వార్డు ఎస్టీ మహిళకు రావడంతో తండా అంతా కూర్చుని అత్తను నిలబెట్టారు, గెలిచింది. గెలిచాక ఆమె చేసిన పనులని చెప్పుకోవాలంటే రెండు. తండా నడుమ నుంచి సిమెంటు రోడ్డు వేయించింది. టౌను చెత్తంతా తెచ్చి మద్దికుంట పక్కన సర్కారు భూమిలో పోస్తామంటే పోయనివ్వలేదు. ఆ భూమిని ఆనుకునే మా మిర్చి చేన్లు, కాయలు ఆరబోసే కల్లాలు. ప్రతి మీటింగులో ఆ ముచ్చట వచ్చేది, ప్రతిసారీ అత్త లేచి నిలబడేది. "మా వార్డుల మాకు వద్దు" అనేది. అంతకంటే ఎక్కువ మాట్లాడటం ఆమెకు రాదు. కానీ ఆ ఒక్క మాట చాలేది. ఆ భూమి ఆమె వార్డులో ఉండేది, ఆమె వెనక తండా ఓట్లన్నీ ఒక్క కట్టగా ఉండేవి.

ఇంటికొచ్చాం. మామ వాల్యా ఎండలో మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. విషయం చెప్తే ఆయన నవ్వాడు.

"నేను పుట్టినకాన్నుంచి గీడనే ఉన్న," అన్నాడు. "నేను కదల్లే. ఊరే మారుకుంట పోతాంది. నా తొలి ఓటుకు వాగు అవతల పటేల్ ఇంటికి నడిపిచ్చిన్రు. పటేలే నా చెయ్యి వట్టుకొని గుద్దిచ్చిండు. ఎన్క మండలం మారింది. ఎమ్మెల్యే సీటు మన ఎస్టీలకే అయిందన్నరు, పండుగ జేసుకున్నం. జిల్లా మారింది. తండాలన్ని పంచాయతీలు అయితయని పేర్లు రాసుకపోయిన్రు. కొత్తగూడ దిక్కు మా బామ్మర్ది తండా అయింది, వాని కొడుకు సర్పంచి అయిండు. మనది టౌన్‌కు దగ్గరున్నదని టౌన్ల కలిపిన్రు. ఇప్పుడు గిది. ఎన్నిసార్లు మారినా నాకు కనవడేది గా కుంటనే."

"నవ్వుడెందుకు?" అంది అత్త.

"ఏడిస్తే మారుతదా?"

అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చని వారం గడువిచ్చారు. తండా పెద్దలు నలుగురు, అత్త, నేను కలిసి వెళ్లాం. నేనే అర్జీ రాశాను. మా తండా ఒక్క తీరుగా ఉంటుందనీ, మా భాష ఒక్కటనీ, మమ్మల్ని ఒక్క వార్డులోనే ఉంచాలనీ. ఆ పని చూసే ఆఫీసరు వయసులో చిన్నవాడు, మర్యాదగల మనిషి. మమ్మల్ని కూర్చోమన్నాడు. అర్జీ పూర్తిగా చదివాడు.

"అమ్మా, వార్డులన్ని జనాభాల సుమారు సమానం ఉండాలె. తొమ్మిదిల ఎక్కువైన్రు. పన్నెండుల తక్కువున్నరు. అందుకే సర్దినం."

"సర్దుడు మా తండా మీదనేనా సారూ? మాది మీరు కలిపినప్పుడు ఒక్కటే ఉండె," అంది అత్త.

"హద్దంటే కండ్లకు కనవడేది ఏదన్నొకటి ఉండాలె కదమ్మా. కాలువనో, రైలు పట్టనో, రోడ్డో. రేపు ఎవ్వరు కొట్లాడొద్దు. మీ తాన నడుమల నుంచి మంచిగ రోడ్డున్నది. రూలు ప్రకారం అదే హద్దైతది."

అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గా రోడ్డు నేనే ఏయించిన సారూ."

ఆయన తలెత్తి చూశాడు. "మంచి పని చేసిన్రమ్మా," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. అర్జీ మీద ముద్ర వేసి మాకొక నకలు ఇచ్చాడు. నెల తిరిగేసరికి తుది వార్డులు గోడకెక్కాయి. ముసాయిదాలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

సంక్రాంతి ముందు రిజర్వేషన్లు తేలాయి. తొమ్మిది బీసీలకు, పదకొండు జనరల్ మహిళకు, పన్నెండు జనరల్. మూడు ముక్కలైన తండా ఓట్లు ఏ వార్డులోనూ లెక్కకు ఆనలేదు. ఎస్టీ వార్డు స్టేషను అవతలికి పోయింది. మా ఇంటి ముందు కూర్చున్న జనం ఆ సంగతి విని ఎక్కువ సేపు ఉండలేదు. ఒక్కొక్కరే లేచి చేన్లకు వెళ్లారు. మిర్చి మొదటి కోత అప్పుడే నడుస్తోంది.

"పదకొండు జనరల్ మహిళ గద," అంది అత్త. "నేను ఆడిదాన్నే. నిలవడొచ్చా, నిలవడొద్దా?"

"నిలవడొచ్చు," అన్నాను.

"అయితే నిలవడ్త."

ఆ వారంలోనే ఎల్లేశ్ మా ఇంటికి వచ్చాడు. అతనిది పాత సినిమా హాలు వీధిలో సిమెంటు, ఇనుము దుకాణం. తొమ్మిదో వార్డులో పెద్ద పార్టీ టికెట్టు అతనికే వచ్చింది. రోడ్డుకు అవతల అత్త ఇంటి వాకిట్లో జనం ఉన్నారు, వాళ్లకు కనిపించేలాగే బండి ఆపి, మా గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. నేను చాయ్ పెట్టాను.

"ప్రేమ్‌సింగన్నా, నీకు ట్రాక్టర్ మంచిగ వచ్చునట."

"వస్తది. సీజన్ల నడుపుత. ఎన్క హైదరాబాద్ పోత, సెంట్రింగ్ పనికి."

"పోవుడెందుకు? మున్సిపాలిటీకి కొత్త ట్రాక్టర్లు వస్తున్నయి. డ్రైవర్లు కావాలె. అవుట్‌సోర్సింగే గని జీతం నెల నెల పడ్తది. నేను చెప్తే అయితది."

ప్రేమ్‌సింగ్ నావైపు చూశాడు. "మా యాడి పదకొండుల నిలవడ్తాంది," అన్నాడు. మా భాషలో అమ్మను యాడి అంటాం.

"నిలవడని. చంద్రక్క అంటే నాకు గౌరవమే. నాది తొమ్మిది, ఆమెది పదకొండు, నాకామెతోని ఏం పంచాది? ఉత్తరం దిక్కు ఓట్లు నువ్వు జూసుకో. ఒక్కటే మాట. పదకొండుల మా పార్టీకెల్లి కనకలక్ష్మక్క ఉన్నది. ఎలక్షన్ అయ్యేదాక నువ్వు రోడ్డు దాటకు. అంతే."

చాయ్ తాగి, బాగుందని నాకు చెప్పి వెళ్లిపోయాడు.

ప్రేమ్‌సింగ్ గోడకానుకుని కూర్చున్నాడు. నేను గ్లాసులు కడుగుతూ ఉన్నాను.

"ఏమంటవు?" అన్నాడు.

"నేనేమంట? అత్తకేం జెప్తవు?"

"లతా, మొన్న వేసంగిల నేను హైదరాబాద్ నుంచి వస్తే నవ్య నన్ను జూసి నీ ఎన్క దాసుకున్నది. యాదున్నదా? నేనింట్ల ఉంటే నీకిష్టం లేదా?"

అతను ఇంట్లో ఉండాలని నేను ఎన్ని రోజులు కోరుకున్నానో అతనికీ తెలుసు. గ్లాసులు బోర్లించి, పాపను తీసుకురావడానికి అంగన్‌వాడీకి వెళ్లాను.

ఆ సాయంత్రం అతనే వెళ్లి అత్తకు చెప్పాడు. నేను వాకిట్లో నిలబడి విన్నాను.

"డ్రైవర్ పనే గద, చెయ్యి," అంది అత్త. "గా ట్రాక్టర్ల ఏం పోస్తరు బిడ్డా?"

"ఏం పోస్తే అది."

"తీస్కపోయి యాడ పోస్తవు?"

"నాకేం ఎరుక యాడీ? వాళ్లు యాడ చెప్తే ఆడ."

అత్త పొయ్యి వైపు తిరిగింది. "అన్నం తిని పో," అంది. అతను తినకుండానే వచ్చేశాడు. ఆ రోజు తర్వాత ఎన్నికలయ్యేదాకా అతను రోడ్డు దాటలేదు. పొద్దున వాళ్ల నాయిన మంచం మీద కూర్చుని ఇటు చూస్తే ఇతను ఇటువైపు నుంచి చెయ్యెత్తేవాడు. ఆయనా చెయ్యెత్తేవాడు.

నేను మాత్రం అత్తతో తిరిగాను. నా మీద ప్రేమ్‌సింగ్ కోపం చేయలేదు. ఎల్లేశ్ మనుషులు ఒకసారి అడిగితే, "ఆడోళ్ల ముచ్చట నాకెందుకు" అన్నాడట.

ఏ పార్టీ లేకుండా నిలబడ్డ అత్తకు ఎన్నికల గుర్తుగా బకెట్టు వచ్చింది. పదకొండో వార్డులో మా దక్షిణం వైపు ఇళ్లు పోను మిగిలినదంతా కాలువ పక్క కాలనీ. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. టౌను పక్కనే ఉన్న జైపాల్ తండాకు, మా తండాకు తేడా తెలియనివాళ్లు ఎక్కువ. పోయిన ఇంటికల్లా అత్త ఒకే మాట చెప్పేది. చెత్త మన వార్డు పక్కకు రాకుండా చూస్తానని. కొందరు సరేనన్నారు. కొందరు తలుపు తెరవలేదు. ఒక ముసలాయన, "తండాకు ఓటేస్తే మా మోరీ ఎవలు తీపిస్తరు?" అని అడిగాడు. మురుగు తీయిస్తానంది అత్త. ఆయన నమ్మలేదు.

యమున అనే ఆమె మాత్రం మమ్మల్ని లోపలికి పిలిచింది. మిషను కుట్టుకుని బతికే మనిషి. మంచినీళ్లిచ్చింది.

"ఓటేస్త అక్కా, దాంట్ల ఏమున్నది. గని ఒక్కటి చెప్పు. చెత్త మా తాన పొయ్యొద్దని ఐదేండ్లు కొట్లాడితివి. నువ్వు వద్దన్న చెత్త యాడికి పోయిందో ఎరుకేనా?"

అత్త ఆమె ముఖంలోకి చూసింది.

"రా, సూపిస్త."

ఇంటి వెనక కాలువ గట్టు. గట్టు పొడుగునా చెత్త కుప్పలు. ఒక కొసన మంట లేకుండా పొగ వస్తోంది. గోడ మీద ఆరేసిన బట్టలు కూడా ఆ వాసనే వేస్తున్నాయి. లోపల మంచం మీద యమున కొడుకు దిండ్లకు ఆనుకుని కూర్చుని దగ్గుతున్నాడు.

"పొద్దుమాపు కాలవెడ్తరు. మా పిలగానికి మందు పీలిస్తె గని దమ్ము రాదు. దవాఖానల డాక్టర్ ఇల్లు మార్చమంటడు. యాడికని మారుత?"

"గిట్లున్నదని నాకు తెల్వదు బిడ్డా," అంది అత్త.

"నీకెట్ల తెలుస్తది? అప్పుడు గిది నీ వార్డు కాకపాయె."

ఆ మాటలో కోపం లేదు. మా ఇద్దరికీ బొట్టు పెట్టి మరీ పంపింది. దారిలో అత్త చెప్పులు చేతపట్టుకుని నడిచింది. చెప్పులు కరిచాయా అంటే కాదంది. కాలువ వంతెన దగ్గర ఆగి, "ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది?" అని అడిగింది.

"యాడనో ఒకతాన పొయ్యాలె గద," అని ఆమే అనుకుంది.

ఆ మరునాటి నుంచి ఇళ్ల ముందు చెత్త సంగతి ఎత్తలేదు. బకెట్టు గుర్తు, నేను తండా చంద్రిని, ఒక్క ఓటు వెయ్యండి అని మాత్రం అనేది. నేను ఎత్తబోతే నా భుజం మీద చెయ్యి వేసి ఆపేది. చెప్పుకోవడానికి ఆమెకున్న ఒక్క మాటా పోయింది. అయినా తిరగడం మానలేదు. ఎందుకు తిరుగుతున్నామో నాకు అర్థమయ్యేది కాదు.

పోలింగు రోజు మంచు బాగా పడింది. అంతకుముందు ఎన్నికల్లో తండా అంతా కలిసి బయలుదేరేది. ముసలివాళ్లను ఆటోలో ఎక్కించి, ఆడవాళ్లం పాటలు పాడుకుంటూ బడికి నడిచేవాళ్లం. ఆ రోజు ఉత్తరం వాళ్లం స్టేషను బడికి, దక్షిణం వాళ్లు కాలనీ బడికి, కుంట పక్కవాళ్లు అంగడి దగ్గర ఆఫీసుకు వెళ్లాలి. తండా మొగదల అందరం ఒకసారి ఆగాం. ఎవరికి వాళ్లం ఎటు పోవాలో చూసుకున్నాం. కుంట పక్కన ఉండే సోమ్లా తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"చంద్రక్కా, మా దిక్కు పిడికెడు ఇండ్లు," అన్నాడు. "ఎవ్వలు రాలే. పైసలిస్తమని రాలే, ఓటెయ్యమని గూడ రాలే. మేమున్నమని గా వార్డోళ్లకు ఎరుకనే లేదు. ఎవలకెయ్యాలె?"

"నీకు నచ్చినోళ్లకెయ్యి సోమ్లా."

"నాకు నీకెయ్యాలనున్నది. నువ్వు మా దాంట్ల లేవాయె."

అతను అటు వెళ్లాడు. అత్త, మామ కాలనీ వైపు నడిచారు. నేను పాపను ఎత్తుకుని ప్రేమ్‌సింగ్ వెనక స్టేషను బడికి వెళ్లాను. లోపల బ్యాలెట్ కాగితం మీద అందరూ నేను ఎరగని పేర్లే, ఎల్లేశ్ తప్ప. అక్కడ బకెట్టు గుర్తు ఉండదని తెలిసి కూడా దాని కోసం వెతికాను. చివరికి ఎల్లేశ్‌కే వేశాను. నా మొగుని కొలువు అతని చేతిలో ఉంది.

ఫలితాల రోజు అత్త లెక్కింపుకు వెళ్లలేదు. చేనులో మిర్చి ఏరుతోంది. నేనే వెళ్లి చెప్పాను. ఎల్లేశ్ గెలిచాడు. పదకొండులో కనకలక్ష్మి గెలిచింది. అత్తది మూడో స్థానం. మా దక్షిణం వైపు ఇళ్లలో కూడా అందరూ వేయలేదని ఆ అంకె చూస్తేనే తెలుస్తుంది. అత్త చేతిలోని కాయలు ఒడిలో వేసుకుంది.

"యమున ఏసిందంటవా?" అని అడిగింది.

"ఏసే ఉంటదత్తా."

"ఏసే ఉంటది," అని మళ్లీ చెట్టు మీదికి వంగింది.

ఆ వారంలోనే మా బంజారాల గురువు సేవాలాల్ జయంతి. ప్రతి ఏడూ తండా అంతా ఒక్కచోట భోగ్ నైవేద్యం పెట్టి, అందరం వరుసగా కూర్చుని తినేవాళ్లం. ఈసారి ఎల్లేశ్ ఇచ్చిన టెంటు ఉత్తరం వైపు వేశారు. దక్షిణం వాళ్లు రాలేదు. వాళ్లు విడిగా చేసుకున్నారు. మీరు అమ్ముడుపోయారంటే మీరు అమ్ముడుపోయారని రోడ్డుకు అటూ ఇటూ నిలబడి తిట్టుకున్నారు. కుంట పక్కవాళ్లు ఎటూ రాలేదు. మామ మంచం మీద నుంచి లేచి నడుమకు వచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. అటూ ఇటూ చూసి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు ఆయన నవ్వలేదు.

కొత్త కౌన్సిలు మొదటి మీటింగులోనే చెత్త సంగతి తేల్చారు. కాలువ గట్టు మీద పోయడం ఆపి, మద్దికుంట పక్క సర్కారు భూమిలో పోయాలని. అడ్డు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరని ఎల్లేశే ప్రేమ్‌సింగ్‌కు చెప్పాడు. అది తెలిసిన మరునాడు అత్త పొద్దున్నే స్నానం చేసి, కౌన్సిలరుగా ఉన్నప్పుడు కట్టుకునే చీర తీసి కట్టుకుంది. నన్ను రమ్మంది.

ముందు పన్నెండో వార్డు కౌన్సిలర్ దగ్గరకు పోయాం. అంగడి వీధిలో ఆయనది బట్టల దుకాణం. గిరాకీ నడుమ మా మాట విన్నాడు.

"భూమి నా దాంట్లనే ఉన్నదా?" అని పక్కనున్న గుమాస్తాను అడిగాడు. ఉందన్నాడు గుమాస్తా. "మరి మీది ఏ వార్డమ్మా?"

"పదకొండు."

"అయితే మీ కౌన్సిలర్‌కు చెప్పుకోవాలె గద."

కనకలక్ష్మి మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టింది. "అక్కా, మీ బాధ నాకు సమజైంది. గని జాగ నా వార్డుల లేదు, పన్నెండుల ఉన్నది. పక్క వార్డు ముచ్చట నేనెట్ల మాట్లాడుత? పైంగ మా కాలువ గట్టోళ్లు ఇప్పటికి దమ్ము దీసుకుంటున్రు," అంది. అత్త అవునన్నట్టు తల ఊపింది. అక్కడి నుంచి ఎల్లేశ్ దుకాణం రెండు వీధుల దూరం. అత్త అటు తిరగలేదు.

"ఇంటికి పోదాం," అంది.

జేసీబీ వచ్చి కుంట పక్క తుమ్మ చెట్లు పీకింది. ప్రేమ్‌సింగ్‌కు ఆర్డరు చేతికొచ్చింది. ఖాకీ రంగు చొక్కా ఇచ్చారు. మొదటి రోజు అతను ఆ చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడితే నవ్య చప్పట్లు కొట్టింది. నేను డబ్బా కట్టిచ్చాను.

మేం కల్లంలో ఉన్నాం. రెండో కోత కాయలు పరదాల మీద ఎర్రగా పరిచి ఉన్నాయి. అత్త పారతో తిరగేస్తోంది. ట్రాక్టరు చప్పుడు విని తలెత్తింది. అతను మా వైపు చూడలేదు. మెడ బిగించి ముందుకే చూస్తూ పోయాడు. కుంట పక్కన ట్రాలీ ఎత్తాడు. వాసన మా దాకా రావడానికి కొంచెం సేపు పట్టింది. అత్త పార కింద పెట్టలేదు. ఆ వరుస అంతా తిరగేసి, తర్వాతి వరుసకు పోయింది.

వారం పది రోజుల్లో కాకులు వచ్చాయి, కుక్కలు వచ్చాయి. గాలి లేస్తే కవర్లు వచ్చి మిర్చి మీద పడేవి. పొద్దంతా వాటిని ఏరడమే ఒక పనైంది. తర్వాత ఎవరు అంటించారో, కుప్పలు కాలడం మొదలైంది. బూడిద కాయల మీద పేరుకుంది. తుడిస్తే పోలేదు. మార్కెట్లో వ్యాపారి కాయ విరిచి వాసన చూసి, తాలు కింద, తక్కువ ధరకు రాసుకున్నాడు. మంచి కాయను తాలు అన్నందుకు అత్త కొట్లాడుతుందనుకున్నాను. ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

ఆమె ప్రేమ్‌సింగ్‌తో మాట మానలేదు. అవసరమైనంత మాట్లాడేది. ఎన్నికలు అయిపోయాయి కాబట్టి అతను ఇప్పుడు రోడ్డు దాటవచ్చు. దాటి వెళ్లేవాడు కూడా. వాకిట్లో నిలబడి, మామ బాగోగులు అడిగి వచ్చేవాడు. స్నానం చేసి వెళ్లినా వాసన పోయేది కాదు. అది అతనికే తెలిసి లోపలికి వెళ్లేవాడు కాదు. ఒకసారి మామ, "లోపటికి రా, కూసో," అంటే, "మల్లొస్త బాపు," అన్నాడు.

ఇంట్లో మాత్రం అతను ఉన్నాడు. నేను కోరుకున్నట్టే రోజూ ఉన్నాడు. నవ్యను ఎత్తుకోబోతే ముక్కు మూసుకునేది. తర్వాత తర్వాత దానికీ అలవాటైంది.

ఎండలు ముదిరాయి. మిర్చి పని అయిపోయింది. ఉపాధి పని మాకు లేదు. చెత్తలో ప్లాస్టిక్కు, ఇనుము, గాజు వేరు చేయడానికి ఆడవాళ్లు కావాలని కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. ముందు సోమ్లా పెండ్లాం పోయింది. తర్వాత దక్షిణం వైపు నుంచి కొందరు, ఉత్తరం వైపు నుంచి కొందరు. టెంటు దగ్గర తిట్టుకున్నవాళ్లు అక్కడ పక్కపక్కనే వంగి ఏరారు. నేనూ పోవడం మొదలుపెట్టాను. అత్తకు చెప్పాను. రెండు రోజులు చూసి మూడో పొద్దున నా వెనకే బయలుదేరింది.

"నువ్వెందుకత్తా?"

"ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె? మిర్చి ఏరిన చేతులే గద. ఇది గూడ ఏరుడే."

కాంట్రాక్టరు మనిషి కొత్తవాడు, ఆమెను ఎరగడు. పేరు అడిగాడు, చెప్పింది. ఏ వార్డని అడగబోయి, "ఏదైతేంది, పనిల వంగుతే సాలు," అన్నాడు. ఆమె కొంగు ముక్కుకు కట్టుకుంది. చేతులకు గ్లౌజులు అందరికీ సరిపోలేదు. ఉన్న జత నాకిచ్చింది.

పొద్దెక్కాక ప్రేమ్‌సింగ్ ట్రాక్టరు వచ్చింది. వెనక్కు తిప్పుతూ మమ్మల్ని చూశాడు. ముందు నన్ను, తర్వాత పక్కనున్న తల్లిని. బ్రేకు మీద కాలు పెట్టి, ఇంజను నడుస్తుండగానే అలాగే ఉండిపోయాడు. అత్త తల వంచి సీసాలు ఏరి సంచిలో వేస్తోంది. వెనక ఇంకో బండి వచ్చి ఆగింది, అందులోని మనిషి కేక వేశాడు. అప్పుడు ప్రేమ్‌సింగ్ హారన్ కొట్టాడు, మమ్మల్ని పక్కకు జరగమని.

అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరం జరిగాం. ట్రాలీ లేచి లోడు జారింది. దుమ్ము మా మీదికి వచ్చింది.

నేను కొత్త కుప్ప వైపు అడుగు వేయబోతే అత్త ఆపింది.

"ఆగు, దుమ్ము వడనియ్యి," అంది. "గప్పుడు పోదాం."